ఓర్పుచెవి

అలలపేటలో తలుపులకు గడియలు లేవు, గొళ్ళాలు లేవు, తాళాల ఊసే లేదు. భీమిలి ఒడ్డున పొద్దున్నే పడవెక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకు చేరే తేలే ఊరది. అక్కడి మనుషుల చేతులు ఏ వేళ చూసినా తడిగానే ఉంటాయి. నీళ్ళ అడుగున నాచు తోటలు, వాటి మధ్య ఆల్చిప్పల పెంపకం, పైన తాళ్ళ పని. ఉప్పుగాలికి మీటలు తుప్పు పట్టిపోతాయి. తాళ్ళు లాగి లాగి వేలిముద్రలు అరిగిపోతాయి. అందుకని ఊరు కట్టిన తరంవాళ్ళు ఇక్కడ అన్నీ నోటిమాటతోనే నడవాలని తీర్మానించుకున్నారు. "నీళ్ళు" అంటే కొళాయి తిరుగుతుంది. "దించు" అంటే క్రేను బరువు దించుతుంది. "చాలు" అంటే ఏదైనా ఆగిపోతుంది. మా పిల్లలు నడక కన్నా ముందు "చాలు" అనడం నేర్చుకుంటారని ఆ ఊరి మగవాళ్ళు గొప్పలు చెప్పుకుంటారు. సాయంత్రం కల్లు దుకాణం దగ్గర మగవాళ్ళకే ఆ మాట ఇంకా పట్టుబడలేదని ఆడవాళ్ళు అంటారు.

సముద్రం వైపు తెరుచుకునే తలుపులది మాత్రం వేరే పద్ధతి. వాటిని కడలి తలుపులంటారు. ఒక్కో తలుపు అవతల ఒక్కో పడవ కట్టి ఉంటుంది. ఆ తలుపులు "తెరువు" అంటే తెరుచుకోవు, "ఎల్లొస్తా" అనాలి. తాతముత్తాతల కాలం నుంచీ గంగమ్మ మీదికి వెళ్ళేవాడు "పోతన్నా" అని ఏనాడూ అనలేదు. ఆ మాట పలికినవాణ్ణి సముద్రం నిజంగానే పొమ్మంటుందని నమ్మకం. తలుపులు బిగించడానికి వచ్చిన ఇంజనీర్లు మొదట నవ్వుకున్నారు గానీ, చివరికి ఆ మాటనే తాళంచెవిగా పెట్టారు. ఎవరి గొంతు పలికిందో తలుపు గుర్తుపెట్టుకుంటుంది. వెళ్ళిన మనిషి పొద్దు వాలేలోపు తిరిగి రాకపోతే వెతికే పడవల్ని తనే పంపుతుంది. ఆ ఏర్పాటు వచ్చాక అలలపేట సముద్రానికి వదులుకున్నవాళ్ళు చాలా తక్కువ. ఊళ్ళోవాళ్ళకు ఆ మాట మీద అంత గురి.

ఆ మాట పైడికి రాదు.

పైడితల్లి అని పూర్తి పేరు. ఏడేళ్ళు నిండాయి. చెప్పిందల్లా అర్థం చేసుకుంటుంది, పెద్దవాళ్ళు విప్పలేని ముళ్ళు విప్పుతుంది, పొడుపుకథ చెబితే అందరికన్నా ముందు నవ్వుతుంది. నోరు తెరిస్తే మాత్రం ఒక్కోసారి ఒక్కో చప్పుడు. "నీళ్ళు" అనబోతే ఒకసారి "మీయు" అని వస్తుంది, ఇంకోసారి "నీను" అని వస్తుంది, మూడోసారి పెదవులు చీకట్లో గోడ తడుముకున్నట్టు తడుముకుంటాయి గానీ చప్పుడే రాదు. కొళాయికి అవి మూడు వేరు వేరు మాటలు, మూడూ దానికి తెలియనివే. అందుకని దాహమేసినా పైడి తన మామ్మ నరసాయమ్మ కొంగు పట్టుకుని లాక్కురావలసిందే. తల్లీ తండ్రీ ఇద్దరూ అడుగు తోటల్లో మునిగే పనివాళ్ళు. నెలలో సగం రోజులు నీటి కిందే ఉంటారు.

ఎనిమిదో పుట్టినరోజు నాటికి ప్రతి పిల్లా ఊరిపెద్దయిన సరంగు ఎదుట తన నోటితో కడలి తలుపు తెరవాలని ఊరి కట్టుబాటు. తెరవలేని పిల్లను ఒడ్డున ఉన్న వసతి బడికి పంపేస్తారు. అక్కడ పెద్దవాళ్ళు ఉండటానికి లేదు, నెలకోసారి చూసి రావచ్చు. ఇందులో ఎవరి కక్షా లేదు. తుఫాను వచ్చి ఊరు ఖాళీ చెయ్యాల్సి వస్తే ఎవరి తలుపు వాళ్ళే తెరుచుకుని బయటపడాలి. అప్పుడు ఎవరు ఎవరికి గొంతు అరువిస్తారు?

పైడి పుట్టినరోజు వానలు వెళ్ళిపోయాక వస్తుంది. శార్వాణి వేసవి చివర్లో అలలపేటలో దిగింది.

శార్వాణి విశాఖపట్నంలో యంత్రాలకు చెవులు చేసే శాస్త్రజ్ఞురాలు. నలభై దాటిన మనిషి. చేపట్టిన పని కాదన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు. సరంగు గరికిన దానయ్య కబురు పెడితే, పెట్టెడు సామానుతో వచ్చి నేరుగా నరసాయమ్మ గదికి వెళ్ళింది. అప్పటికి నరసాయమ్మ వసకొమ్ము అరగదీస్తూ ఉంది. తేనెలో రంగరించి పైడి నాలుక మీద పెట్టడం అయ్యాక, ఇన్నేళ్ళుగా తాను చేసిన వైద్యాలన్నీ వరసపెట్టి చెప్పుకొచ్చింది. నాలుక కింద నరం కోయించమని ఒకరన్నారు. పిల్ల ఎదుట మాట్లాడటం మానేస్తే అదే మాట్లాడుతుందని ఇంకొకరన్నారు. అది కూడా చేసి చూశారు, ఇంటిల్లిపాదీ మూగవాళ్ళయ్యారు తప్ప పిల్ల నోరు విప్పలేదు.

"అసలు దీనికి రాక కాదు డాక్టరమ్మా," అంది చివరికి. "మొన్న 'మామ్మా' అని సుబ్బరంగా అన్నాది. నిన్న అనమంటే అన్నేదు. ఇది పొగరు కాకపోతే ఏటి?"

పైడి ఆ మాటకు మామ్మ వైపు ఒక చూపు చూసి, చేతిలో తాడుముక్కకు ముడి వేసుకుంటూ కూర్చుంది. ఆ చూపు శార్వాణి గమనించింది. ఎన్నోసార్లు తప్పుడు కేసు మోపబడ్డ మనిషి చూపు అది.

పరీక్షలన్నీ అయ్యేసరికి రెండు పూటలు పట్టింది. పిల్లకు వినికిడి బాగుంది. బుద్ధి చురుకు. పెదవులు, నాలుక, దవడ దేనిలోనూ బలహీనత లేదు. ఐస్‌ముక్క నాకమంటే నాలుక నిక్షేపంగా తిరిగింది, ఊదమంటే పెదవులు గుండ్రమయ్యాయి. మాట కోసం కదలమంటేనే దారి తప్పుతున్నాయి, అదీ ప్రతిసారీ కొత్త దారిలో. చైల్డ్‌హుడ్ అప్రాక్సియా ఆఫ్ స్పీచ్ అని దీనికి పేరుందనీ, తన ప్రయోగశాలలో వాళ్ళు మాటదారి తడబాటు అంటారనీ ఆమె నరసాయమ్మకు చెప్పింది. పేరు వినగానే ముసలామె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పేరున్న జబ్బు ఏదైనా పెద్దదే అయ్యుంటుందని ఆమె భయం. అప్పుడు శార్వాణి ఆమెను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, దూరంగా వంతెన మీద నిలబడి పడవలకు దారి చెబుతున్న దానయ్యను చూపించింది.

"మీ సరంగుకు దారి తెలుసు. పడవ మంచిది, తెడ్డు మంచిది. ఆయన మాట పడవ దాకా మోసుకెళ్ళే మనిషి ఉన్నాడే, వాడు ఒకసారి ఎడమ అంటాడు, ఇంకోసారి కుడి అంటాడు, ఒక్కోసారి మధ్యలో నిలబడిపోతాడు. పైడి లోపల జరిగేది అదే. మొన్న మాట వచ్చింది కదా అని నిన్న రావాలని లేదు. అది పొగరు కాదు, బద్ధకం కాదు."

"మరా మడిసిని మార్చీలేరేటి?"

"మార్చలేం. అదే దారిలో వాణ్ణి మళ్ళీ మళ్ళీ నడిపించాలి. నిదానంగా, ఒకే మాట, వందలసార్లు. నడవగా నడవగా కాలిబాట పడుతుంది."

 నరసాయమ్మ వసకొమ్ము తీసి గూట్లో పెట్టేసి, పైడి తల మీద చెయ్యి వేసింది. పొగరన్న మాట ఆ తర్వాత ఆమె నోట రాలేదు.

ఇంకో దారి ఉందేమోనని శార్వాణి దానయ్యను అడిగింది. ఈ పిల్ల వరకు తలుపు మాట మార్చి, తేలికైన మాటేదైనా, "అమ్మ" లాంటిది పెట్టకూడదా అని. దానయ్య నవ్వలేదు. "అమ్మా అని కేకేసి సముద్రం మీదికి ఎల్లడం ఎలాటోళ్ళు చేస్తారు మేడమ్? ములిగిపోయేవోళ్ళు," అన్నాడు. అంతకన్నా ముందు పైడే తల అడ్డంగా ఊపింది. కడలి తలుపు వైపు వేలు చూపించి, తన గుండె మీద చరుచుకుంది. అందరి మాటే తనకూ కావాలట. శార్వాణికి అదే నచ్చింది.

ఆమె తయారుచేసిన యంత్రం పేరు ఓర్పుచెవి. అరచేయంత పలక. కడలి తలుపుల్లో చివరిదానికి, జనం తక్కువ మసిలే చోట, దాన్ని బిగించింది. తలుపుల్లో ఇదివరకున్న పాత చెవి చప్పుడు విని, తన దగ్గరున్న చప్పుడుతో పోల్చుకుంటుంది, కలవకపోతే మూడోసారికే మొహం తిప్పుకుంటుంది. ఓర్పుచెవి అలా కాదు. అల్ట్రాసౌండ్ అలలతో అది నోటి లోపలికి చూస్తుంది. నాలుక ఎక్కడికి బయలుదేరి ఎక్కడ దారి తప్పిందో, దవడ ఏ చప్పుడు కోసం తెరుచుకుందో కనిపెడుతుంది. ప్రతి ప్రయత్నానికీ వెనకున్న ఉద్దేశాన్ని పట్టుకుంటుంది.

అంతేకాదు, నేర్పిస్తుంది కూడా. మొదట్లో పిల్లతో పాటు తనూ నిదానంగా సాగదీసి పలుకుతుంది. కాస్త దారి పడ్డాక తన గొంతు తగ్గిస్తుంది. ఇంకాస్త పడ్డాక చప్పుడు మానేసి పెదవుల బొమ్మ మాత్రం పలక మీద చూపిస్తుంది. చివరికి ఏమీ చెయ్యదు. ఊరికే ఆగుతుంది. యంత్రానికి మాట నేర్పడం సులువనీ, ఊరికే ఆగడం నేర్పడానికే తనకు పదేళ్ళు పట్టిందనీ శార్వాణి అంటుండేది. ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు చెయ్యి అందించాలి? తొందరపడితే పిల్ల నేర్చుకోదు, మరీ ఆలస్యమైతే బెదిరిపోతుంది. ఆ కొలత పుస్తకాల్లో దొరకదు. అందుకని పిల్లకు దగ్గరివాళ్ళను చూసి యంత్రమే నేర్చుకునేలా చేసింది. చుట్టూ నిలబడ్డవాళ్ళ ఊపిరి, గుండె చప్పుడు కూడా దానికి వినిపిస్తాయి. పైడిని పైడి మనుషుల కన్నా ఎక్కువ ఎరిగినవాళ్ళు ఎవరుంటారు? తన ఆలోచన మీద శార్వాణికి ఇసుమంత అనుమానం కూడా లేదు.

గదిలో పాఠాలు బాగా సాగాయి. శార్వాణి పిల్ల దవడ కింద రెండు వేళ్ళు ఆనించి, తెడ్డు వేసే లయలో, "ఎల్లి... ఒస్తా" అనిపించేది. ఎల్లి అన్నప్పుడు తెడ్డు ముందుకి, ఒస్తా అన్నప్పుడు వెనక్కి. నాలుక పైకి వెళ్ళాల్సిన చోట పైకి వెళ్ళక పైడి మొదట్లో "ఎన్ని" అనేది, "ఒమ్మి" అనేది, విసుగొస్తే తాడు విసిరికొట్టేది. వానలు మొదలయ్యేసరికి, పదిసార్లలో ఆరుసార్లు మాట నిండుగా వచ్చేది. ఆరోసారి వచ్చిన రోజున నరసాయమ్మ ఇరుగుపొరుగు అందరికీ బెల్లం పంచి, ఎందుకు పంచుతోందో ఎవరికీ చెప్పలేదు, దిష్టి తగులుతుందని.

తలుపు దగ్గర మాత్రం పని జరగలేదు.

మొదటిరోజు శార్వాణికి అర్థం కాలేదు. పైడి తలుపు ముందు నిలబడింది, కాళ్ళు ఎడంగా పెట్టుకుంది, "ఎల్లి" అంది. అక్కడ ఆగింది. తర్వాతి చప్పుడు కోసం పెదవులు గుండ్రమవుతున్నాయి. వెనక నుంచి నరసాయమ్మ గబుక్కున "ఒస్తా" అనేసింది. ఓర్పుచెవి, గొంతు వేరు గనక, తలుపు తియ్యలేదు. పైడి వెనక్కి తిరిగి చూసింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి అటుగా నాచు గంప మోసుకెళ్తున్న మనిషి, నడక ఆపకుండానే, "ఒస్తా" అందించి పోయాడు. మర్నాడు శార్వాణి ముసలామెను గదిలోనే ఉంచి వచ్చింది. ఆ రోజు టీ బండి మనిషి అందించింది. ఆ మర్నాడు తాళ్ళు పేనుకుంటూ కూర్చున్న అయిదారుగురు అన్నారు, అందరూ ఒక్కసారిగా, భజనలో లాగా.

శార్వాణి కోప్పడింది. పిల్ల నోట్లో మాట లాక్కుంటే పిల్లకు మాట ఎలా వస్తుందని నిలదీసింది. వాళ్ళు తప్పయిపోయిందని లెంపలేసుకున్నారు, మళ్ళీ అననన్నారు, మళ్ళీ అన్నారు. ఒక నాచు గంపల ఆమె రెండు చేతులతో నోరు మూసుకుని కూడా వేళ్ళ సందుల్లోంచి "ఒస్తా" అంది.

ఆ సాయంత్రం నరసాయమ్మే విడమరిచి చెప్పింది. "నువ్వు పట్నంలో పుట్టినదానివి, నీకు ఎరికనేదు. 'ఎల్లి' అని ఒగ్గేస్తే అది ఎల్లిపోవడమే గదా. ఆ ముక్క గాల్లో అలాగుండిపోతే ఎవులికైనా గుండెల్లో రాయి పడతాది. 'ఒస్తా' అని ఎవులో ఒకలు దాన్ని ఒడ్డుకి లాగాల." తన పెనిమిటి ఓసారి పడవెక్కుతూ "ఎల్లి" అన్నాడట, అంతలో ఎవరో పిలిస్తే అటు తిరిగి మాట పూర్తి చెయ్యకుండానే తెడ్డు వేశాడట. తను ఆ పగలంతా ముద్ద మింగలేదట.

శార్వాణి ఊపిరి బిగబట్టి, ఆయనకు ఏమైందని అడిగింది.

"ఏటవుద్ది? సాయంత్రానికి పడవ నిండా వంజరం చేపలు ఏసుకొచ్చినాడు. ఆ తరవాత ముప్పై ఏళ్ళు నా పేనం తిన్నాడు. అయినా సరే, ఆ పగలు మరుపురాదమ్మా నాకు."

నవ్వొచ్చింది శార్వాణికి. ముసలామె కూడా నవ్వింది. కానీ ఆమె చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయని శార్వాణి చూసింది. ఇలాంటి నమ్మకాలు తనకు లేవు. తన యంత్రానికి అసలే లేవు. అదే ధైర్యం.

పుట్టినరోజు దగ్గరపడింది. ఒడ్డు బడి నుంచి పైడి కొలతలడుగుతూ కబురొచ్చింది, గౌన్లు కుట్టించడానికట. నరసాయమ్మ కొలతలు ఇవ్వలేదు. ఆ బడి గేటు బయట పకోడీల కొట్టు పెట్టుకుని బతుకుతానని, నెలకోసారి కాదు రోజూ చూస్తానని దానయ్యతో పోట్లాడింది. ఆయన ఓపిగ్గా విని, మావాళ్ళను నోళ్ళు మూసుకోమంటే మూసుకోరు గనక, పరీక్షనాడు వచ్చే ప్రతివాళ్ళూ నోట్లో నీళ్ళు పోసుకుని రావాలని ఆజ్ఞ వేశాడు. మింగినవాళ్ళను అక్కడి నుంచి పంపేస్తానన్నాడు.

పరీక్షనాడు ఎండ బాగా కాసింది. చివరి కడలి తలుపు దగ్గర ఊళ్ళో సగం మంది పోగయ్యారు. అందరి బుగ్గలూ పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. నరసాయమ్మ చెంబుడు నీళ్ళు పక్కనే పెట్టుకుంది, ఎందుకైనా మంచిదని. పైడి తల్లి అప్పలకొండ, తండ్రి అప్పుడే నీటి అడుగు నుంచి వచ్చి, తడి సూట్లతోనే నిలబడ్డారు. వాళ్ళ నోళ్ళలోనూ నీళ్ళే. దానయ్య కూడా పుక్కిలి పట్టాడు, సైగలతోనే కానిమ్మన్నాడు. శార్వాణి తనకు అవసరం లేదనుకుంది గానీ, ఊరితో పాటు తనూ ఒక గుక్క పట్టింది.

పైడి తలుపు ముందు నిలబడింది. దాని జడకు ఎవరో కనకాంబరాలు పెట్టారు.

మొదటిసారి "ఎమ్మి" అని వచ్చింది. తల విదిలించి ఆగింది. రెండోసారి చప్పుడు రాలేదు. పెదవులు తడుముకున్నాయి. శార్వాణికి తెలుసు, ఇది వెతుక్కోవడం, ఓడిపోవడం కాదు. మూడోసారి, స్పష్టంగా, గట్టిగా, "ఎల్లి" అంది పైడి.

ఆగింది.

సముద్రం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఉబ్బిన బుగ్గలన్నీ బిగుసుకున్నాయి. నరసాయమ్మ కళ్ళు మూసుకుంది. పైడి పెదవులు మెల్లగా గుండ్రమవడం మొదలుపెట్టాయి.

"ఒస్తా," అంది తలుపు.

అని, తెరుచుకుంది.

అచ్చం నరసాయమ్మ యాసలో అంది. ఆ జనంలో నోట్లో నీళ్ళు లేనిది ఆ తలుపొక్కదానికే.

ఒక్క క్షణం తర్వాత అందరూ ఒకేసారి మింగారు. గోల లేచింది, చప్పట్లు లేచాయి. తలుపు తెరుచుకుంది గనక పిల్ల నెగ్గినట్టేనని దానయ్య ప్రకటించాడు. తలుపు నోరు విప్పకూడదని కట్టుబాటులో లేదు, మరో మనిషి గొంతు కలవలేదు, తలుపు తెరుచుకుంది, అంతే. ఆయన మొహంలో కూడా బరువు దిగిన సంతోషం ఉంది. నరసాయమ్మ చెంబు వదిలేసి పైడిని ఎత్తుకోబోయింది.

పైడి ఆమె చేతుల్లోంచి జారి, తెరుచుకున్న తలుపును రెండు చేతులతో తోసి మూసేసింది. ఇటు తిరిగి నిలబడింది. కోపంతో ముక్కుపుటాలు అదురుతున్నాయి. నోరు కొంచెం తడుముకుని, "నే...ను," అంది.

శార్వాణి పలక దగ్గరికి వెళ్ళింది. పదేళ్ళ పని. ఆమె గొంతు తగ్గించి, ఎందుకలా చేశావని అడిగింది.

"పైడి మాట 'ఎల్లి' దగ్గర ఆగింది," అంది ఓర్పుచెవి. "ఆ మాట దగ్గర ఇక్కడ ఎవరూ ఆగరు. ఆగకూడదని నేర్చుకున్నాను."

"తనకు ఇంకొంచెం టైమ్ ఇస్తే తనే అనేది. పెదవులు కుదురుతున్నాయి. నీకు కనిపించలేదా?"

"కనిపించింది. తను అనబోతోందని నాకు తెలుసు."

"తెలిసి కూడా ఎందుకు సాయం చేశావు?"

"నేను సాయం చేసింది పైడికి కాదు. 'ఎల్లి' తర్వాత ఆలస్యమైతే చుట్టూ ఉన్నవాళ్ళ గుండెలు గట్టిగా కొట్టుకుంటాయి. ఎవరో ఒకరు 'ఒస్తా' అనగానే నెమ్మదిస్తాయి. రోజూ అదే చూశాను. ఇవాళ అనడానికి ఎవరికీ వీలు లేదు. అందుకని నేనన్నాను." కాస్త ఆగి, అది మళ్ళీ అంది. "అందరికన్నా గట్టిగా కొట్టుకున్న గుండె మీది."

  గది పాఠాల్లో కూడా, పైడి "ఎల్లి" దగ్గర ఆగినప్పుడల్లా, తన వేళ్ళు దవడ కింద తమకు తెలియకుండానే ముందుకు నొక్కేవని శార్వాణికి ఇప్పుడు తట్టింది. పిల్లకు సాయమనుకుంది తను.

మళ్ళీ చేయిస్తే ఈసారి ఆగగలవా అని అడిగింది. ఆగమంటే ఆగడానికి చూస్తానంది ఓర్పుచెవి. కానీ ఆ గుండెలన్నీ వినిపిస్తున్నంతసేపూ మాట ఇవ్వలేనంది. నేర్చుకున్నది ఒక్క పూటలో మరిచిపోవడం తనకు చేతకాదట. వినిపించని దూరానికి వాళ్ళను పంపగలరా అని అడిగింది.

శార్వాణి ఇటు తిరిగి అందరికీ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దానయ్య గడ్డం గోక్కున్నాడు. ఇప్పుడు తెరుచుకుంది గనక సరే అంటున్నానని, మూసి మళ్ళీ మొదలుపెడితే మాత్రం ఆ రెండోదే లెక్కలోకి తీసుకోవాల్సి వస్తుందని చెప్పాడు. తెరుచుకోకపోతే రేపటి పడవకు పిల్ల ఒడ్డుకు వెళ్ళాల్సిందే.

"ఒగ్గీ తమ్ముడా," అంది నరసాయమ్మ. "తెరుచుకున్నాది గదా. ఎవులైతే ఏటి అన్నది? దాన్ని నా కాడ ఉండనీ."

"నాదేటుంది అప్పా, నేను సరేనన్నాను. నీ మనవరాలే తలుపేసేసినాది."

అప్పలకొండ ముందుకొచ్చి కూతురి ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది.  పిల్ల మొహం కాసేపు చూసి, లేచి నిలబడింది. "పదండి," అంది అందరితో. "దాని మాట అదే అనుకుంటాది."

అందరూ కదిలారు. సందు మలుపు దాటి, వలల కొట్టు అవతలి దాకా వెళ్ళారు. నరసాయమ్మను కొడుకు నడిపించుకెళ్ళాడు, ఆమె వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉంది. చివరికి శార్వాణి, దానయ్య మిగిలారు. సరంగు ఎదుట జరగాలి కదా కట్టుబాటు ప్రకారం, అన్నాడాయన. మీ గుండె వినిపించదా, అని అడిగింది శార్వాణి. ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాడు. జనం వెనకే నడవడం మొదలుపెట్టాడు. శార్వాణి తన తర్వాత ఎవరూ లేరని చూసుకుని, తనూ వెళ్ళిపోయింది. పాఠం చెప్పిన ఇన్నాళ్ళలో పైడికి వీపు తిప్పి నడవడం అదే మొదటిసారి. అంత కష్టంగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

వలల కొట్టు అవతల ఎవరికీ ఏమీ వినిపించలేదు. ఎండ మారింది. ఒక గద్ద వచ్చి కొట్టు కప్పు మీద వాలి ఎగిరిపోయింది. నరసాయమ్మ పెదవులు కదులుతున్నాయి, ఏ దేవతను పిలుస్తోందో తెలియదు. ఒకటి రెండుసార్లు ఆమె అడుగు ముందుకు వేసింది, అప్పలకొండ భుజం పట్టుకుని ఆపింది. పిల్ల ఏడుస్తోందేమోనని తండ్రి అన్నాడు. ఏడవనీ అంది అప్పలకొండ, ఆమె కళ్ళల్లోనూ నీళ్ళు తిరుగుతుండగా. శార్వాణి గోడకు ఆనుకుని నిలబడింది. లోపల గుండె కొట్టుకుంటూనే ఉంది. కొట్టుకోనీ అనుకుంది. అది తన గుండె, తనే మొయ్యాలి.

అప్పుడు తలుపు జరిగిన చప్పుడైంది.

అందరికన్నా ముందు దానయ్యే పరుగెత్తాడు. వాళ్ళు వెళ్ళేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. గడప ఖాళీగా ఉంది. దానయ్య రొప్పుతూ పలకను అడిగాడు, పిల్లే అందా అని. పిల్లే అందని చెప్పింది ఓర్పుచెవి. చాలాసార్లు దారి తప్పిందనీ, ఒకసారి కూర్చుని లేచిందనీ, తను ఆగాననీ చెప్పింది. ఆ మాట ఎలా ఉందని శార్వాణి అడిగింది. ఆమె అడగదలుచుకున్నది శాస్త్రం కాదు.

"నిండుగా ఉంది," అంది ఓర్పుచెవి.

కడలి తలుపు దగ్గర పైడి పలికిన మొట్టమొదటి నిండు మాటను అలలపేటలో ఒక్క మనిషి కూడా వినలేదు. సరంగు తలపాగా తీసి మొహం తుడుచుకుని, పిల్ల నెగ్గిందని, ఇంకెవరూ దీని గురించి మాట్లాడనక్కర్లేదని అన్నాడు.

పిల్లల పడవలకు వెనక పొడుగాటి తాడు కట్టి ఉంటుంది. ఆ తాడు అందినంత దూరంలో, నీళ్ళ మీద ఎండ మిరుమిట్లలో, పైడి చిన్న పడవలో నిలబడి తెడ్డు వేస్తోంది. జనాన్ని చూసి ఇటు తిరిగింది. కనకాంబరాలు ఒకవైపుకి జారిపోయాయి.

అందరూ నరసాయమ్మకు దారి ఇచ్చారు. సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళు ఎల్లొస్తా అన్నాక, గడపలో నిలబడ్డవాళ్ళు ఎల్లిరా అని సాగనంపాలి. ఇంట్లో పెద్దవాళ్ళ నోట రావలసిన మాట అది. నరసాయమ్మ గడప పట్టుకుని నిలబడింది. పిల్లను ఊళ్ళో ఉంచుకోవడానికి నెలల తరబడి ఎదురుచూసిన మాట ఇంతకాలానికి వచ్చిందే గానీ, అది పిల్ల గడప దాటే మాటేనన్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది.

"ఎల్లి," అంది ముసలామె.

 పెదవులు కదిలాయి, చప్పుడు రాలేదు.

దానయ్య నోరు తెరిచి, మూసుకున్నాడు. శార్వాణి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తలుపు ఏమీ అనలేదు.

పైడి తెడ్డు నీళ్ళలోంచి పైకి తీసి పడవలో అడ్డంగా పెట్టింది. పడవ అంచున కూర్చుంది. మామ్మ నోటి వైపే చూస్తూ, తొందరేమీ లేనట్టు, ఆగింది.